ఎల్వీ అత్త గీతల పుస్తకం

మా ఎల్వీ అత్త కోటు జేబులో ఎప్పుడూ ఒక చిన్న గీతల పుస్తకం ఉంటుంది. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, ఏ పిల్ల ఎన్నిసార్లు కుర్చీలోంచి లేచింది, ఏ పిల్లాడు ఎన్నిసార్లు కిటికీ వైపు చూశాడు అని పదిహేను సెకన్లకోసారి అందులో గీత పెడుతుంది. అది ఆవిడ ఉద్యోగంలో భాగం. పోయిన అక్టోబరులో మాత్రం అదే పుస్తకం చివరి పేజీ నుంచి ఇంకో లెక్క మొదలుపెట్టింది. ఒకవైపు "టామ్సిన్", రెండోవైపు "నేను". బడి నడవలో పిల్లలు ఎవర్ని ఎన్నిసార్లు పలకరించారన్నది ఆ లెక్క. మొదటి రోజు టామ్సిన్‌కి పద్నాలుగు, మా అత్తకి మూడు. ఆ మూడింట్లో ఒకటి ఆవిడ మేనల్లుడు రేనో, అంటే నేను, "ఏం అత్తా, భోజనమైందా?" అన్నది.

సుపీరియర్ సరస్సు ఒడ్డున మా కాలియో హార్బర్‌లో ఒక బడి, పక్క ఊళ్ళలో రెండు. ఆ మూడింటికీ కలిపి ఒకే ఒక్క స్కూలు సైకాలజిస్టు ఎల్వీ హాపలా. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడే. ఒక పిల్లాడికి చదువు ఎందుకు పట్టుబడటం లేదు, ఒక పిల్ల సోమవారం వస్తే ఎందుకు కడుపునొప్పి అంటుంది, ఇలాంటివన్నీ పరీక్షలు పెట్టి, మాట్లాడి, తేల్చి, రిపోర్టు రాయడం ఆవిడ పని. ఆవిడకిచ్చిన గది ఒకప్పుడు చీపుర్లూ తుడుపు బకెట్లూ పెట్టుకున్న కొట్టు. ఇప్పటికీ వానాకాలంలో తడిగుడ్డ వాసనొస్తుంది.

పరీక్ష పెట్టేటప్పుడు పిల్లలు చెప్పింది ఒప్పో తప్పో మొహంలో తెలియనివ్వకూడదు. ఈ విద్యలో మా అత్తని మించినవాళ్ళు లేరు. ఆవిడ మొహం ముందు నిలబడితే జనవరిలో గడ్డకట్టిన సరస్సు ముందు నిలబడ్డట్టే. కింద ఎన్ని చేపలున్నాయో పైనుంచి తెలియదు.

నేను ఆ మూడు బళ్ళలో బాయిలర్లూ కంప్యూటర్లూ చూస్తాను. ఈ రెండు విద్యలూ నాకెవరూ నేర్పలేదు. విప్పి, విరగ్గొట్టి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాను. చుట్టాల పిల్లల్ని పరీక్షించకూడదని వాళ్ళ వృత్తిలో నియమం ఉంది. "అదొక్కటే నిన్ను కాపాడిందిరా" అంటుంది అత్త నన్ను చూసినప్పుడల్లా.

టామ్సిన్ ట్రెవారో ఆగస్టులో వచ్చింది. యూనివర్సిటీలో చదువంతా అయిపోయి, ఒక ఏడాది సీనియర్ దగ్గర శిక్షణ చేస్తే గానీ లైసెన్సు రాని దశ. శిక్షణ ఇచ్చేవాళ్ళకీ నియమాలుంటాయి. వారానికి రెండు గంటలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలి. రాసిన ప్రతి రిపోర్టూ చదివి, సరిచూసి, సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే రిపోర్టు గడప దాటదు. సగం ఏడాదికి ఒక మార్కుల కాగితం నింపాలి. అందులో అయిదుకి ఏ ఒక్క అంశంలో రెండు పడినా అమ్మాయి శిక్షణ ఆగిపోతుంది, మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి.

ఈ అమ్మాయిని మా అత్తే కోరి తెప్పించుకుంది. ఇరవై ఆరేళ్ళు ఒంటరిగా పనిచేసింది, తన పని గురించి మాట్లాడుకోవడానికి ఒక్క మనిషి లేక. ఆగస్టంతా ఆవిడ ఉత్సాహం చూడాలి. కొట్టుగదికి రెండో కుర్చీ, రెండో దీపం, గోడకి రెండో కొక్కెం. "ఇక్కడ కోటు తగిలించుకుంటుంది రా" అని ఆ కొక్కేన్ని నాచేత మూడుసార్లు జరిపించింది.

సెప్టెంబరు వెళ్ళేసరికి ఆ కొక్కెమే కంటిలో గుచ్చుకోవడం మొదలైంది.

మొదటి తప్పు పాస్టీలది. టామ్సిన్ వాళ్ళు ఇంగ్లీషు దేశం మూల నుంచి వచ్చిన కార్నిష్ వాళ్ళు, మేము ఫిన్‌లాండ్ వాళ్ళం. ముత్తాతల కాలంలో ఇద్దరం ఒకే రాగిగనిలో దిగాం, పిండిలో కూర మడిచి కాల్చిన ఒకేలాంటి పాస్టీలు తిన్నాం. అయితే మేము మాంసం, బంగాళాదుంపతో పాటు క్యారెట్ వేస్తాం. వాళ్ళు వెయ్యరు. ఈ విషయం మీద మా ఊళ్ళో పెళ్ళిళ్ళు తప్పిపోయాయి. టామ్సిన్ ఒకరోజు పన్నెండు పాస్టీలు చేసి తెచ్చింది. ఆఫీసులో ఉండే బెర్నీస్ రెండు తినేసి, మూడోదాని మీద చెయ్యి వేసింది.

"క్యారెట్ వెయ్యలేదేం అమ్మాయ్?" అంది అత్త.

"మా నానమ్మ వెయ్యనివ్వదండీ. అది కుందేళ్ళకి అంటుంది" అని నవ్వేసింది టామ్సిన్.

బెర్నీస్ కూడా నవ్వింది. బెర్నీస్ ఇరవై ఏళ్ళుగా మా అత్త క్యారెట్ పాస్టీలు తింటున్న మనిషి. అత్త మొహం గడ్డకట్టింది. ఆ రోజునుంచి టామ్సిన్ "అమ్మాయ్" కాదు, "మిస్ ట్రెవారో".

తర్వాత పిల్లలు. టామ్సిన్ నడవలోకి వస్తే గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా గోడ వదిలి వచ్చేవాళ్ళు. కొట్టుగది తలుపు మీద ఆ అమ్మాయి బొమ్మలు గీసి అంటించారు, ఏడు. అందులో ఒకదానిలో మూలకి బూడిదరంగు స్తంభం లాంటిది ఉంది.

"ఇదేమిట్రా, చెట్టా?" అని అత్త అడిగింది నన్ను.

"నువ్వే అత్తా. కళ్ళజోడు చూడు."

గీతల పుస్తకం తీసి ఏదో గీసుకుంది.

కొట్టుగదిలో ఎలక్ట్రిక్ హీటరు కూడా టామ్సిన్ నొక్కితేనే వెలిగేది. దానికి కారణం వదులైన తీగ, టామ్సిన్ స్విచ్‌ని కొంచెం పక్కకి నొక్కేది, అంతే. నేను బాగుచెయ్యచ్చు. చెయ్యలేదు. అత్త నొక్కడం, అది వెలగకపోవడం, టామ్సిన్ వచ్చి నొక్కడం, అది వెలగడం, ఈ నాటకం రోజూ ఉదయం ఉచితంగా జరుగుతుంటే ఎందుకు చెడగొట్టుకోవడం అనిపించింది.

ఆ లెక్కల పేజీ నేను చూసింది అక్టోబరు చివర్లో. జాలి వేసింది. నా జాలి ఎప్పుడూ అల్లరిగానే బయటికొస్తుంది. రెండో తరగతి పిల్లల్ని పోగేసి, తలా ఒక ఏలకుల రొట్టె ముక్క పంచి, "రేపు హాపలా గారు నడవలోకి రాగానే అందరూ పలకరించాలి" అని చెప్పాను. మర్నాడు పద్దెనిమిది మంది వరస కట్టి, "గుడ్ మార్నింగ్ హాపలా గారూ!" అని ఊరు అదిరేలా అరిచారు.

అత్త పద్దెనిమిది గీతలు గీసింది. పక్కన చిన్న చుక్క పెట్టింది. మధ్యాహ్నం బాయిలర్ గదిలోకి వచ్చింది.

"ఎంత పెట్టావు తలకి?"

"ఏంటత్తా?"

"పద్దెనిమిది మంది ఒకే గొంతుతో అరిస్తే దాన్ని ఆప్యాయత అనరు రా. కవాతు అంటారు. వరసలో నాలుగో పిల్ల మూతికి రొట్టె తుంపలున్నాయి."

నవ్వింది కూడా. కానీ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ అమ్మాయికి రొట్టె పంచక్కర్లేదు కదా" అంది.

నవంబరులో మంగళవారాలు పోయాయి. మంగళవారం ఒంటిగంట నుంచి మూడు దాకా వాళ్ళ ముఖాముఖి. మొదటి మంగళవారం రోడ్డు బాలేదంది అత్త. రెండోసారి పన్ను. మూడోసారి పక్క ఊరి బడిలో పని. నాలుగోసారి బాయిలర్ పాడైంది, రేనో చెప్పాడు అంది. ఆ బాయిలర్ నా చేతికింద గుర్రంలా నడుస్తోంది.

ఆ నాలుగో మంగళవారం నేను కొట్టుగదిలోకి వెళ్తే టామ్సిన్ ఒక్కతే కూర్చుని ఉంది. ఎదురుగా ఖాళీ కుర్చీ. ఒళ్ళో కాగితం, దానిమీద అత్తని అడగాలనుకున్న ప్రశ్నలు, రెండు పేజీలు.

"బాయిలర్ ఎలా ఉంది రేనో?" అంది నా మొహంలోకి చూసి.

"దగ్గుతోంది."

"నేనేమైనా తప్పు చేశానా?"

"క్యారెట్ వెయ్యలేదు."

నవ్వలేదు. "మాకు తరగతిలో మంచి రిపోర్టు ఎలా ఉంటుందో చూపించడానికి, పిల్లల పేర్లు చెరిపేసి, మీ అత్తగారివే చదివించేవారు. ఆ రాత చూసే ఇక్కడికి రాసుకున్నాను. ఇంకెక్కడికీ దరఖాస్తు పెట్టలేదు. నా మూడో తరగతి పిల్లాడి రిపోర్టు రెండు వారాలుగా ఆవిడ బల్లమీదే ఉంది. సంతకం అవ్వలేదు. వాడు ఎదురు చూస్తున్నాడు, నాతో పాటు."

ఈ మాటలు అత్తకి ఆ సాయంత్రమే చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంకొంచెం ముదరనిద్దాం అనుకున్నాను. ఆ ఒక్కటి మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే నాకు బాగోదు.

ఆ సంతకం ఎందుకు ఆగిందో తర్వాత తెలిసింది. అత్త ఆ రిపోర్టు ఒక్కటే కాదు, టామ్సిన్ పెట్టిన పరీక్ష కాగితాలన్నీ ఇంటికి తెచ్చుకుని తప్పుల కోసం వెతుకుతోంది. సరిచూడటం ఆవిడ ధర్మమే. కానీ సరిచూడటానికీ వేటాడటానికీ తేడా ఉంటుంది. పెన్సిలు పట్టుకున్న తీరులోనే తెలుస్తుంది. పందొమ్మిది కాగితాల్లో ఒక్క తప్పు దొరకలేదు. ఇరవయ్యోది ఆ మూడో తరగతి పిల్లాడిది.

డిసెంబరు మొదటి బుధవారం సాయంత్రం నా వంటింట్లోకి వచ్చింది, బూట్ల మంచు కూడా దులుపుకోకుండా. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. అంత సంతోషంగా ఆవిడని నేను ఆగస్టు తర్వాత చూడలేదు.

"రేనో, మీ యంత్రాలకి వయసు లెక్కపెట్టడం రాదు రా!"

"ఎవరి వయసు?"

"ఎవరిదైతే నీకెందుకు. ఒక పిల్లాడు. పరీక్ష రోజుకి ఎనిమిదేళ్ళ మూడు నెలల పందొమ్మిది రోజులు. పదిహేను రోజులు దాటితే ఒక నెల కలుపుకోవాలి. అంటే నాలుగు నెలలు. నాలుగో నెల నుంచి పట్టిక మారుతుంది. మిస్ ట్రెవారో చేత్తో చూసుకోలేదు, కంప్యూటరుకి వదిలేసింది. అది మూడు నెలల పట్టికే తీసుకుంది!"

ఆవిడ చెప్పింది నాకర్థమైనంతవరకూ ఇది. తెలివి కొలిచే పరీక్షలో అవే జవాబులకి పెద్ద వయసు పట్టికలో తక్కువ అంకె వస్తుంది. పిల్లాడి తెలివికీ చదువుకీ మధ్య తగినంత ఎడం కనిపిస్తేనే బడి వాడికి విడిగా చదివించే టీచరుని ఇస్తుంది. టామ్సిన్ అంకె ప్రకారం ఆ ఎడం సరిపోయింది. అత్త అంకె ప్రకారం ఆ ఎడానికి రెండు పాయింట్లు తగ్గాయి.

"మరి టామ్సిన్‌కి చెప్పావా?"

"వచ్చే వారం గురువారం మార్కుల మీటింగులో తెలుస్తుంది." సంచిలోంచి అంటించేసిన కవరు తీసి చూపించింది. "పరీక్షల లెక్క కట్టడంలో రెండు వేశాను. యూనివర్సిటీ నుంచి వచ్చే పేద్ద ప్రొఫెసరు గారి ఎదురుగా వింటుంది."

"రెండు పడితే ఆ పిల్ల శిక్షణ ఆగిపోతుందన్నావు కదా అత్తా."

"తప్పు చేసింది."

"ముందు ఆ పిల్లకి చెప్పకుండా కాగితం మీద పెట్టొచ్చా?"

ఆవిడ బూట్లవైపు చూసుకుంది. పెట్టకూడదు. మార్కుల కాగితంలో ఉండేది ఏదీ శిష్యురాలికి కొత్తగా వినపడకూడదు, ముందే నోటితో చెప్పి, దిద్దుకునే సమయం ఇవ్వాలి. ఆగస్టులో ఈ నియమాన్ని నాకు అప్పజెప్పి మరీ వినిపించింది.

"నువ్వు ఆ యంత్రం సంగతి చూడు. ఇంకెన్ని పాడుచేసిందో" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పరీక్ష తయారుచేసే కంపెనీకి ఫోన్ చేశాను. అక్కడ ఒకావిడ ఓపిగ్గా విని, "యంత్రం సరిగ్గానే ఉంది బాబూ. రోజుల్ని నెలలోకి కలపకూడదు. మా పుస్తకం ముప్పై ఏడో పేజీ చూడమను" అంది.

"ఎప్పటినుంచి కలపకూడదండీ?"

"ఈ పరీక్ష పుట్టినప్పటినుంచీ."

ఫోన్ పెట్టేశాక నేను చాలాసేపు బాయిలర్ మీటరు వైపు చూస్తూ కూర్చున్నాను. మా అత్త యంత్రాన్ని నమ్మదు. పద్నాలుగేళ్ళ కిందట ఈ పరీక్ష వచ్చినప్పటినుంచీ అన్నీ చేత్తోనే కడుతోంది.

శనివారం మా ఇళ్ళల్లో సౌనా, అంటే ఆవిరి స్నానం. అత్త పెరట్లో చెక్క గది, పొయ్యి, రాళ్ళు, రాళ్ళ మీద పోసే నీళ్ళు. ముందు అత్త, తర్వాత నేను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. కాబట్టి మధ్యాహ్నం మూడింటికి ఆవిడ లోపలికి వెళ్ళేముందే కిటికీ అద్దం మీద సబ్బుతో పెద్దగా 37 అని రాసి పెట్టాను. ఆవిరి పడితే తేలుతుందని నాకు తెలుసు. తేలింది.

"ఒరేయ్! ఇదేమిటిది? నా వయసు తగ్గించావా?" అని లోపల్నుంచి కేక.

"మీ పరీక్ష పుస్తకంలో పేజీ. కంపెనీవాళ్ళు చూడమన్నారు."

తలకి తువ్వాలు చుట్టుకుని, కోటు కప్పుకుని, మంచులో పడుతూ ఇంట్లోకి వెళ్ళింది. వంటింటి బల్లమీద పుస్తకం తెరిచి, అప్పుడు కూడా పక్క పేజీ నాకు కనపడకుండా అట్టముక్క అడ్డం పెట్టింది. బయటివాళ్ళు చూడకూడని పుస్తకం మరి. చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. మొహంలో ఏమీ తెలియలేదు. పుస్తకం మూసి తిరిగి సౌనాలోకి వెళ్ళిపోయింది.

ముప్పావు గంట దాటినా బయటికి రాలేదు. తలుపు కొట్టాను.

"అత్తా, బతికున్నావా?"

"ఉన్నాను. అదే బాధ."

చివరికి వచ్చి మెట్టుమీద కూర్చుంది. ఒంట్లోంచి ఆవిరి లేస్తోంది.

"నా సీనియరు హెర్బర్ట్ గారు నేర్పారు రా నాకు. పదిహేను దాటితే కలుపుకో అని. ఆ పాత పరీక్షలో అలాగే ఉండేది. కొత్తది వచ్చింది, ఆయన పోయారు, నేను అలాగే కలుపుకుంటూ పోయాను. ఎవరైనా ఒక్కసారి పక్కన కూర్చుని చూసుంటే..." ఆగింది. "ఎవరూ చూడలేదు. నాకెవరున్నారు చూడ్డానికి? అదే గొప్ప అనుకున్నాను. నన్ను దిద్దినవాళ్ళు లేరని."

"గురువారం ఇంకా రాలేదు కదా. కవరు చించేసి రెండుని అయిదు చెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదు. ఇప్పటిదాకా జరిగిందీ అదే" అంది.

తలకున్న తువ్వాలు విప్పి పిండుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "ఆ కాగితాలన్నీ నేను సరిచూద్దామని తీయలేదు రా. ఎక్కడైనా తప్పు దొరకాలని తీశాను. దొరికినప్పుడు ఎంత హాయిగా ఉందో తెలుసా? పిల్లాడు గుర్తుకి రాలేదు నాకు. ఆ పిల్లాడికి టీచరు రాదని గుర్తుకి రాలేదు."

అప్పుడు చెప్పాను, ఖాళీ కుర్చీ గురించీ, రెండు పేజీల ప్రశ్నల గురించీ, పేర్లు చెరిపేసి చదివించిన రిపోర్టుల గురించీ. అత్త ఏడుస్తుందేమో అనుకున్నాను. "ఇప్పుడా చెప్పేది, వెధవా!" అని తడి తువ్వాలుతో వీపు మీద ఒక్కటి వేసింది.

మంగళవారం కొట్టుగది తలుపు ఒంటిగంటకి మూసుకుంది. మూడుంపావుకి తెరుచుకుంది. లోపలేం జరిగిందో నాకు తెలియదు. టామ్సిన్ బయటికొచ్చి, కోటు కూడా వేసుకోకుండా నడవలో నా ముందు నిలబడింది.

"నీకు తెలుసా ఇది?"

"కొంచెం."

"కొంచెం అంటే?"

"మొత్తం."

"మీ ఇంట్లో అందరూ ఇంతేనా?" అంది. వెళ్ళి తన కారులో కూర్చుని, పాస్టీ చల్లారిపోయేదాకా తినకుండా కూర్చుంది. పిల్లలు కిటికీలోంచి చెయ్యి ఊపితే కూడా చూడలేదు. అత్త అది చూసింది. గీతల పుస్తకం తియ్యలేదు.

గురువారం రెండడుగుల మంచు పడి రోడ్డు మూసేశారు. ప్రొఫెసర్ ఒడెట్ లషాన్స్ రాలేక తెరమీద ప్రత్యక్షమయ్యారు. వైర్లు కలిపి నేను లేవబోతే అత్త ఆపింది.

"ఉండు. ఇందులో పిల్లల పేర్లు రావు, నా తప్పే వస్తుంది. మిస్ ట్రెవారో ఒప్పుకుంటే ఉండు."

"ఉండనీండి. సాక్షి కావాలి" అంది టామ్సిన్, తెరవైపే చూస్తూ.

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "మార్కుల కాగితం చదవండి ఎల్వీ."

"నేను మార్కులు వెయ్యనండీ. వెయ్యకూడదు" అంది అత్త. "లెక్క కట్టడంలో ఈ అమ్మాయికి రెండు వేసి, చెప్పకుండా దాచి, మీ ముందు పెడదామనుకున్నాను. ఆ అమ్మాయి లెక్క సరైనది. నాదే తప్పు, పద్నాలుగేళ్ళుగా. నాలుగు మంగళవారాలు ఎగ్గొట్టాను, నాలుగుసార్లూ అబద్ధం చెప్పాను. ఒక పిల్లాడి రిపోర్టు నాలుగు వారాలు నా దగ్గర ఆగింది. అది నిన్న సంతకం పెట్టి పంపాను. ఎందుకు చేశానంటే, నాకు ఈ అమ్మాయంటే అసూయ."

గదిలో హీటరు ఒక్కటే చప్పుడు చేస్తోంది. ఆ రోజు టామ్సిన్ నొక్కింది దాన్ని.

"అసూయ," అన్నారు ప్రొఫెసర్ గారు. "ఎంత?"

ఆవిడ ఊరికే అన్నారో ఏమో. మా అత్త మాత్రం జేబులోంచి పుస్తకం తీసి చివరి పేజీలు తిప్పింది. "అక్టోబరు తొమ్మిది నుంచి మొన్న సోమవారం దాకా, టామ్సిన్‌కి నాలుగు వందల పన్నెండు. నాకు నూట ఆరు. అందులో పద్దెనిమిది ఈ రేనో గాడు రొట్టె పెట్టి అరిపించినవి, తీసేశాను. ఎనభై ఎనిమిది."

ప్రొఫెసర్ గారు కూడా ఒకప్పుడు పిల్లలకి పరీక్షలు పెట్టిన మనిషే. మొహంలో ఏమీ తెలియనివ్వకుండా చాలా కష్టపడ్డారు. ఒక్కసారి మాత్రం కెమెరా ఆపేసి మళ్ళీ పెట్టారు.

తర్వాత గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు. మార్కులు పక్క జిల్లా సీనియరు వేస్తారు. ఎల్వీ నెలకి రెండుసార్లు ఆ సీనియరుతో తన పని గురించి మాట్లాడాలి. తప్పు లెక్కల సంగతి బడి పెద్దలకి రాతపూర్వకంగా ఇవ్వాలి. "టామ్సిన్, నీకు ఇంకో చోటు చూడగలను. జనవరినుంచే. నీ ఏడాది పోదు. నీ ఇష్టం."

మా అత్త టామ్సిన్ వైపు చూడలేదు. గోడకున్న రెండో కొక్కెం వైపు చూసింది.

"నాకు చాలా కోపంగా ఉంది" అంది టామ్సిన్. "నాలుగు వారాలు ఆ కుర్చీ ఎదురుగా కూర్చుని, నాలో ఏం లోపముందా అని వెతుక్కున్నాను. ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాను. అది మీరు ఊరికే చెప్పేస్తే పోదు ఎల్వీ గారూ."

"పోదు" అంది అత్త.

"పాత ఫైళ్ళు ఎన్ని?"

"ఇంకా బళ్ళో ఉన్న పిల్లలవి నూట తొంభై."

"వాటిని ఎవరు చూస్తారు?"

"నేను చూడకూడదు. నా తప్పు నాకు కనపడదని తేలింది కదా."

టామ్సిన్ కుర్చీ అత్తవైపు తిప్పుకుంది. "నేను చూస్తాను. మీరు పక్కన కూర్చోవాలి. ప్రతి కాగితానికీ. మంగళవారం ఒంటిగంటకి. బాయిలర్ పేలిపోయినా సరే."

"బాయిలర్ పేలదు" అన్నాను నేను.

"నిన్నెవరూ అడగలేదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ నెలలో వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు.

నూట తొంభైలో ఇరవై మూడు కాగితాల్లో పట్టిక మారింది. ముగ్గురు పిల్లల విషయంలో ఫలితమే మారింది, ఎప్పుడో రావలసిన సాయం రాకుండా పోయింది. ఆ ముగ్గురి ఇళ్ళకీ అత్త స్వయంగా వెళ్ళి చెప్పింది. ఒక ఇంట్లో కాఫీ ఇచ్చారు. ఒక ఇంట్లో ఏమీ అనకుండా విన్నారు. మూడో ఇంట్లో ఆ తల్లి సగం వినగానే తలుపు వేసేసింది. అత్త ఆ తలుపు ముందు మంచులో కాసేపు నిలబడి, ఉత్తరం మెట్టుమీద పెట్టి, పైన రాయి ఉంచి వచ్చింది. ఆ పిల్లలెవరో నాకు చెప్పలేదు. కారు నడిపింది నేనే. అయినా వీధి మొదట్లోనే దింపెయ్యమంది.

అసూయ పోయిందా అంటే, నేనైతే పోయిందని చెప్పను. ఫిబ్రవరిలో టామ్సిన్ మళ్ళీ పాస్టీలు తెస్తే, అత్త ఒకటి విప్పి, లోపల చూసి, తన డబ్బాలోంచి ఉడికించిన క్యారెట్ ముక్కలు తీసి అందులో కూరుకుని తింది. అందరి ఎదురుగానే. ఇప్పుడు "మిస్ ట్రెవారో" అనడం మాత్రం మానేసింది.

నేను ఆ హీటరు తీగ బిగించడానికి వెళ్ళింది ఒక మంగళవారం. టామ్సిన్ పెద్ద కుర్చీలో కూర్చుని ఎర్ర పెన్సిలుతో అత్త పాత కాగితం ఒకటి సరిచూస్తోంది. అత్త, పిల్లలు కూర్చునే చిన్న కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చుని, ఆ అమ్మాయి మొహమే చూస్తోంది. టామ్సిన్ ఒక వరస చదివింది. పెన్సిలు ఆగింది. మళ్ళీ కదిలింది. పేజీ తిప్పింది. మొహంలో ఏమీ లేదు.

"ఏంటమ్మాయ్? ఒప్పా తప్పా?"

టామ్సిన్ ఇంకో పేజీ తిప్పింది.

"ఏదో ఒకటి చెప్పవే!"

"పరీక్ష జరుగుతుండగా చెప్పకూడదండీ" అంది టామ్సిన్, తలెత్తకుండా. "నిటారుగా కూర్చోండి."

మా అత్త నిటారుగా కూర్చుంది.